హాస్కెల్ నేర్చుకునేవాళ్లకు హెచ్‌లింట్ మొదటి రోజు నుంచే ఇవ్వాలా?

పాఠం_చెప్పే_మనిషి:
హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. పిల్లలు రాసే కోడ్ పనిచేస్తుంది గానీ చదవడమే కష్టం. ఎన్ సరిసంఖ్యేనా అని అడగడానికి "ఈవెన్ ఎన్" అంటే సరిపోయే చోట "ఇఫ్ ఈవెన్ ఎన్ దెన్ ట్రూ ఎల్స్ ఫాల్స్" అని రాస్తారు. హెచ్‌లింట్ అనే కోడ్ తనిఖీ టూల్ ఇలాంటివి పట్టుకుని, చిన్నగా ఎలా రాయాలో చూపిస్తుంది. మొదటి రోజు నుంచే తప్పనిసరి చేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

వెన్నెల_కోడ్:
చేయండి. ప్రతి ఒక్కరి పక్కనా కూర్చుని చెప్పేంత టైమ్ ఏ టీచర్‌కీ ఉండదు. మ్యాప్ చేసి (అంటే లిస్టులో ప్రతిదానికీ ఒకే ఫంక్షన్ వాడి), వచ్చిన లిస్టులను కాన్‌క్యాట్‌తో ఒకటిగా కలిపితే, ఆ రెండూ కలిపి చేసే కాన్‌క్యాట్‌మ్యాప్ ఉందని హెచ్‌లింటే చెబుతుంది. లైబ్రరీలో ఏమేం ఉన్నాయో నాకు అలాగే తెలిసింది.

రికర్షన్_ముందు:
నేను ఒప్పుకోనండీ. పొట్టిగా ఉండటం వేరు, చదవగలగడం వేరు. లిస్టులో అన్నిటినీ రెట్టింపు చేసే ఫంక్షన్‌ని ఓ విద్యార్థి మొదటిసారి రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకునేలా, రాశాడనుకోండి. ఖాళీ లిస్టు దగ్గర ఆగాలన్న సంగతి వాడికి అప్పుడప్పుడే తలకెక్కుతుంటుంది. అంతలో హెచ్‌లింట్ మ్యాప్ వాడమంటుంది. వాడితే, చివరనున్న లిస్టు పేరు రెండు వైపులా తీసేయమంటుంది. మిగిలేది "రెట్టింపు = మ్యాప్ (*2)". కరీయింగ్ (ఫంక్షన్‌కి ఇన్‌పుట్‌లు ఒక్కొక్కటిగా ఇవ్వడం) అర్థం కానివాడికి ఇన్‌పుట్ ఎటుపోయిందో తెలియదు. పైగా ఫంక్షన్ టైప్ చెప్పే లైన్ (టైప్ సిగ్నేచర్) లేకపోతే, దాన్ని ఒకే రకం సంఖ్యలకు కట్టేసే మోనోమార్ఫిజం నియమం అడ్డొస్తుంది. అంతకుముందు పూర్ణాంకాలకీ దశాంశాలకీ పనిచేసిన ఫంక్షనే ఇప్పుడు ఎర్రర్ ఇవ్వొచ్చు. నా క్లాసులో ఒకమ్మాయి ఇలాగే టెన్షన్ పడి, బాగా నడుస్తున్న ప్రోగ్రామ్ మొత్తం చెరిపేసింది. నేను ముందే చెప్పి ఉండాల్సింది.

వెన్నెల_కోడ్:
ఈటా రిడక్షన్ (ఇలా చివరి పేరు రెండు వైపులా తీసేయడం) విషయంలో మీరన్నది నిజమే. దానికోసం టూల్‌నే పక్కన పెట్టక్కర్లేదు కదా. కాన్ఫిగ్ ఫైల్లో ఏ సూచన వద్దో అది ఆపేయొచ్చు. దాన్నీ, మ్యాప్, ఫోల్డ్ (లిస్టును ఒకే విలువగా కుదించే ఫంక్షన్) వాడమనే సూచనల్నీ ఆపండి. అనవసరమైన ఇఫ్‌లు, బ్రాకెట్ల గురించి చెప్పేవి ఉంచండి.

రికర్షన్_ముందు:
అలాగైతే సరే. కానీ ఐదారు ఫంక్షన్లను డాట్లతో (ఒకదాని ఫలితం ఇంకోదానికి వెళ్లేలా) ఒకే లైన్లో గుచ్చేసినా హెచ్‌లింట్ ఏమీ అనదు. అందులో ఒక ముక్కను విడదీసి "వేర్" కింద (ఫంక్షన్ లోపలి ముక్కలకు పేర్లు పెట్టే చోట) మంచి పేరుతో పెడితే లైన్లు పెరుగుతాయి, చదవడం మాత్రం ఎంతో తేలికవుతుంది. అందుకే ఒకరి కోడ్ ఇంకొకరికిచ్చి పైకి చదివిస్తాను. చదివేవాళ్లు తడబడిన చోట పేరు కావాలని రాసినవాళ్లకే తెలిసిపోతుంది.

పాఠం_చెప్పే_మనిషి:
పైకి చదివించడం ఈ వారమే మొదలుపెడతాను. మ్యాప్, ఫోల్డ్ సూచనలు రికర్షన్ పాఠాలు అయ్యాకే ఆన్ చేస్తాను. అప్పుడు కూడా, పాత కోడ్‌నీ కొత్త కోడ్‌నీ [1, 2, 3] మీద కాగితంపై విప్పి, రెండూ ఒకటేనని చూపించాకే మార్చనిస్తాను. మరి సూచనలు మిగిలితే మార్కులు తగ్గించాలా?

రికర్షన్_ముందు:
వద్దండీ. మార్కులు పోతాయంటే, అర్థం కాకపోయినా చెప్పిందల్లా మార్చేస్తారు.