ఎసెక్స్ తొలి రాజులు: రాజ్యాన్ని పంచుకున్నారా, ఉమ్మడిగా ఏలారా?

ప్రశ్న (పాతరాతలు):
ఆంగ్లో-శాక్సన్ కాలపు క్రైస్తవ సన్యాసి బీడ్ 731లో ముగించిన ఆంగ్లేయుల చర్చి చరిత్రను చదువుతున్నాను. తూర్పు శాక్సన్ల రాజ్యమైన ఎసెక్స్ ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా నాకు ఒకే సందేహం ఎదురవుతోంది. 616 ప్రాంతంలో సేబర్ట్ చనిపోగా అతని ముగ్గురు కొడుకులూ రాజ్యానికి వారసులయ్యారని బీడ్ రాశాడు. మళ్లీ 664 నాటికి సిగెర, సెబ్బి అనే ఇద్దరు ఒకేసారి రాజులుగా కనిపిస్తారు. వీరు నేలను హద్దులు పెట్టి పంచుకున్నారా, లేక అవిభక్త కుటుంబంలో ఆస్తిలా రాజ్యాన్ని ఉమ్మడిగా ఉంచుకున్నారా? బీడ్ మాటలను బట్టి ఈ విషయం తేల్చగలమా?

జవాబు (శాసనపఠి):
మీ ప్రశ్న సరైన చోటనే తగిలింది. ముగ్గురు అన్నదమ్ముల విషయంలో బీడ్ చెప్పిన సంఘటనలన్నీ వారు కలిసి చేసినవే. చర్చి ఆరాధనలో ప్రసాదంగా తమ తండ్రికి ఇచ్చిన తెల్లని రొట్టెను తమకెందుకు ఇవ్వరని వారు లండన్ బిషప్ మెల్లిటస్‌ను అడిగారు. ముందు బాప్తిస్మం తీసుకోవాలని ఆయన చెప్పగా, తమకు ఆ నీటితో పని లేదని, రొట్టె మాత్రం కావాలని పట్టుబట్టి, చివరకు ఆయనను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. ఆ తరువాత పశ్చిమ శాక్సన్ల మీదికి ముగ్గురూ కలిసే వెళ్లి, సైన్యంతో సహా యుద్ధంలో నేలకూలారు. ఇక్కడ పంపకం జరిగిన జాడ నాకు కనిపించదు.

సిగెర, సెబ్బిల కథ వేరు. 664లో మహమ్మారి వ్యాపించినప్పుడు సిగెర 'తన వంతు ప్రజలతో' క్రైస్తవాన్ని విడిచి, పాడుబడిన పాత గుళ్లను బాగుచేయించి, విగ్రహాలను కొలవడం మొదలుపెట్టాడని, సెబ్బి మాత్రం తన వారితో కలిసి విశ్వాసంలోనే నిలిచాడని బీడ్ చెబుతాడు. 'తన వంతు' అన్న ఆ ఒక్క మాట చాలా బరువైనది. ప్రతి రాజుకూ తనవారనే జనం ఉన్నారని దాని నుంచి తెలుస్తుంది. అయితే వీరిద్దరి మీదా అధిరాజుగా మరో ఆంగ్లో-శాక్సన్ రాజ్యమైన మెర్సియా రాజు వుల్ఫెర ఉన్నాడు, ప్రజలను తిరిగి చర్చిలోకి తేవడానికి బిషప్ జరుమన్‌ను పంపింది కూడా అతడే. కాబట్టి ఇద్దరు రాజుల మధ్య తగవు పెరిగితే తీర్చగల పెద్దదిక్కు బయట ఉండేది.

జవాబు (తీరవాసి):
శాసనపఠి గారు చెప్పినదానికి దానపత్రాల సాక్ష్యాన్ని కూడా చేర్చాలి, ఎందుకంటే బీడ్ కథకుడు, దానపత్రమేమో ఆనాటి వ్యవహారం. 680ల ప్రాంతంలో సెబ్బి బంధువైన ఒయిథెల్‌రెడ్ బార్కింగ్ మఠానికి భూమి ఇచ్చిన పత్రంలో, సెబ్బి సమ్మతితోనే ఆ దానం జరిగినట్లు ఉంది. సాక్షులలో సెబ్బితో పాటు అతని కొడుకులు సిగెహర్డ్, స్వెఫ్రెడ్ కూడా రాజులుగానే కనిపిస్తారు. తండ్రి బతికి ఉండగానే కొడుకులకు రాజు అనే పేరు ఉందంటే, రాచరికం ఒక్క మనిషికి కాక కుటుంబానికి చెందినదని నేను అర్థం చేసుకుంటున్నాను. భూమి ఇవ్వాలంటే దాయాదుల సమ్మతి కావాలి. నా అభిప్రాయంలో ఇది మీరన్న ఉమ్మడి ఆస్తికే దగ్గరగా ఉంది.

పాతరాతలు:
తీరవాసి గారూ, దాయాదుల మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. సిగెర, సెబ్బిలకు ముందు ఎసెక్స్‌ను ఏలిన సిగెబర్ట్ రాజును చంపింది కూడా దాయాదులే కదా?

తీరవాసి:
అవును, మొదటి జవాబులో ఆ సంగతి చెప్పి ఉండాల్సింది. నార్తంబ్రియా రాజు ఓస్వియు నచ్చజెప్పగా 653 ప్రాంతంలో బాప్తిస్మం తీసుకున్న సిగెబర్ట్‌ను, అతని బంధువులైన ఇద్దరు అన్నదమ్ములు చంపారు. శత్రువులు అడిగిన వెంటనే క్షమించేస్తున్నాడన్న కోపమే అందుకు కారణమని హంతకులు చెప్పినట్లు బీడ్ రాశాడు. నేను దీనిని మతం కథగా మాత్రమే చూడలేను. పగ తీర్చుకోవడం కుటుంబపు హక్కుగా ఉన్న కాలంలో, రాజు ఒక్కడే తన ఇష్టానికి క్షమించడం దాయాదులందరి గౌరవాన్ని ధారపోయడంగా వారికి తోచి ఉండవచ్చు.

నేను ఎసెక్స్‌లోనే ఉంటున్నాను. సిగెబర్ట్ కాలంలో బిషప్‌గా వచ్చిన చెడ్ కట్టించిన చర్చి బ్రాడ్‌వెల్ దగ్గర సముద్రపు ఒడ్డున ఇప్పటికీ ఉంది. రోమన్ కోట శిథిలాల రాళ్లు, ఇటుకలతో కట్టిన ఆ చిన్న కట్టడాన్ని తరువాతి కాలంలో ధాన్యపు కొట్టుగా వాడుకున్నారు. ఆ గోడల ముందు నిలబడితే ఈ రాజుల పేర్లు పుస్తకంలోంచి లేచి వచ్చినట్లు అనిపించింది.

జవాబు (వంశవృక్షం):
పేర్లను కూడా గమనించండి. స్లెడ్, సేబర్ట్, సిగెబర్ట్, స్వితెల్మ్, సిగెర, సెబ్బి, స్వెఫ్రెడ్: దాదాపు అందరివీ 'స' ధ్వనితోనే మొదలవుతాయి. ఇతర ఆంగ్లో-శాక్సన్ రాజవంశాలు చాలావరకు తమ మూలపురుషుడిగా వోడెన్ దేవుణ్ణి చెప్పుకోగా, వీరు మాత్రం శాక్స్‌నెట్ అనే దేవుణ్ణి చెప్పుకున్నారు. ఎవరికి సింహాసనం దక్కినా అది ఈ వంశంలోనే ఉండాలన్న పట్టుదల ఆ పేర్లలోనే ఉంది. సుమారు 30 ఏళ్లు ఏలిన సెబ్బి జబ్బుపడి సన్యాసం తీసుకోగా అప్పటికే రాజు పేరున్న అతని కొడుకులు సిగెహర్డ్, స్వెఫ్రెడ్‌లు ఇద్దరూ అతని స్థానంలోకి వచ్చారు. సిగెర కొడుకు ఓఫా కూడా రాజై, 709లో అన్నీ వదిలి రోమ్‌కు వెళ్లిపోయాడు. అంటే సిగెర శాఖకు రాచరికపు వాటా పోలేదు. పోయింది మరొకటి: 704లో స్వెఫ్రెడ్ ట్వికెన్‌హామ్ భూమిని లండన్ బిషప్ వాల్డెరకు ఇచ్చేటప్పటికి, ఆ దానానికి మెర్సియా రాజు అనుమతి కావలసి వచ్చింది.