బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, బోర్డు బతుకుతుందా?

తిరుపతి బైరాగిపట్టెడలో మా బావ జిరాక్స్ షాపు డెస్క్‌టాప్‌కి బయోస్ (కంప్యూటర్‌ని స్టార్ట్ చేసే ఫర్మ్‌వేర్) అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది గానీ పేరుకే. ఇప్పుడు ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. సీమాస్ బ్యాటరీ తీసి పెట్టినా అంతే. దాంతో సెట్టింగులు పోతాయే తప్ప ఫర్మ్‌వేర్ బాగుపడదు కదా. పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ మళ్లీ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ కూడా వెనక లేదు.

బయోస్ ఉండే 8 కాళ్ల విన్‌బాండ్ చిప్ మీద 25క్యూ128 వరకే కనిపిస్తోంది, తర్వాతి అక్షరాలు చెరిగిపోయాయి. ఆ అక్షరాలు ఎఫ్‌వీ అయితే 3.3 వోల్టులు, ఎఫ్‌డబ్ల్యూ అయితే 1.8. ఏదో ఎలా తేల్చుకోవాలి? సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో (చిప్‌లోకి ఫైలు రాసే యూఎస్‌బీ పరికరం) క్లిప్ పెట్టి బోర్డు మీదే రాయొచ్చా, చిప్ ఊడదీయాలా? చిప్‌లోంచి చదివి దాచుకునే పాత డంప్‌లోని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ గుర్తింపు నంబరు) కొత్త ఫైల్లోకి ఎలా తేవాలి?

రిపేరు షాపువాళ్లు బోర్డే మార్చాలంటున్నారు, నాకైతే నమ్మకం లేదు. చిత్తూరులో ఈ పని తెలిసినవాళ్లున్నా చెప్పండి, బండి వేసుకుని వచ్చేస్తాం.