ఖాళీ అయిన ఆయిల్ బావి కింద నుంచి మళ్ళీ నిండుతుందా?

బోడుప్పల్_శ్రీను:
అన్నలూ, ఒక డౌట్. ఆయిల్ భూగర్భంలో ఎప్పుడూ తయారవుతూనే ఉంటుందని, ఎండిన బావులు వాటంతటవే నిండుతాయని ఒక వీడియో తెగ తిరుగుతోంది. సాక్ష్యంగా అమెరికాలోని యూజీన్ ఐలాండ్ 330 చూపిస్తున్నారు. నిజమేనా? నిజమైతే మన కేజీ బేసిన్‌లో ఎందుకు నిండలేదు?

రిజర్వాయర్_రావు:
అక్కడ ఉత్పత్తి పెరిగిన మాట నిజం. లూసియానా తీరం అవతల, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఉందది. రోజుకి 15 వేల బ్యారెళ్ల దాకా ఇచ్చి, 1989 నాటికి 4 వేలకు పడి, తర్వాత 13 వేలకు లేచింది. వీడియోవాళ్లు ఇక్కడే ఆపేస్తారు. ఆ ఫీల్డ్ పక్కనే లోతుకు దిగే ఫాల్ట్ (రాతి పొరల్లో పెద్ద చీలిక) ఉంది. కింది పొరల్లో బాగా ప్రెషర్‌లో ఉన్న ఆయిల్ దాని వెంట పైకి వస్తోంది. బ్యాక్టీరియా తిన్న పాత ఆయిల్ మీద తాజా ఆల్కేన్లు (బ్యాక్టీరియా ముందు తినేసే రకం హైడ్రోకార్బన్లు) వచ్చి కలిసినట్టు శాంపిళ్లలో కనిపించింది. ఆ తాజా సరుకూ షేల్‌లో, అంటే బురద గట్టిపడిన రాయిలో, ఉడికిన జీవ పదార్థమే. కింది ట్యాంకులోది పై ట్యాంకుకి చేరింది, అంతే.

మన కేజీ బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో జరిగింది వేరే. అక్కడి డీ1, డీ3 గ్యాస్ ఫీల్డులు 2009 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ప్రెషర్ పడిపోయి బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో మూసేశారు.

జీసీఎంఎస్_గిరి:
కొన్నాళ్లు మూసిన బావిలో ప్రెషర్ లేస్తే చాలామంది "నిండింది" అనేస్తారు. చుట్టుపక్కల రాయిలోని ప్రెషర్ సర్దుకున్నా, కింద నీళ్లు నెట్టినా లేస్తుంది. తెరిచాక వాటర్ కట్ (ఆయిల్‌తో పాటు వచ్చే నీళ్ల వాటా) కూడా పెరుగుతుంటే నీళ్ల పనే అని ముందు అనుమానించాలి. తేల్చుకోవాలంటే బావి అడుగు నుంచి శాంపిల్ తీసి, దాచి ఉంచిన పాత శాంపిల్‌తో కలిపి ఒకే రోజు, ఒకే మెషీన్‌లో జీసీ-ఎంఎస్ (ఆయిల్‌లోని అణువుల్ని విడదీసి గుర్తించే పరీక్ష) పెట్టాలి. అందులో 191 ద్రవ్యరాశి అయాన్‌లో హోపేన్లు, 217లో స్టెరేన్లు అనే అణువులు చూడాలి. రెండూ ఒకప్పటి ప్రాణుల కణాల గుర్తులే.

డీజిల్ కలిపిన మడ్ (తవ్వేటప్పుడు బావిలో పోసే బురద ద్రవం) వాడిన బావైతే జాగ్రత్త. సి10 నుంచి సి20 దాకా (10 నుంచి 20 కార్బన్లున్న అణువులు) గుట్టలా లేచి, సి27 పైన హోపేన్లు దాదాపు కనబడకపోతే అది మనం పోసిన డీజిలే. స్వీడన్ సిల్యాన్ గ్రానైట్‌లో ఆయిల్ జీవం లేకుండా భూమి లోతుల్లో పుడుతుందని వాదించిన శాస్త్రవేత్త థామస్ గోల్డ్ పట్టుబట్టి 6 కిలోమీటర్లకు పైగా తవ్వించినప్పుడు వచ్చిన కొద్దిపాటి ఆయిల్ మీద కూడా ఇదే విమర్శ.

మల్లాపూర్_బోర్:
హైదరాబాద్ కింద అంతా గ్రానైటే కదా సార్. గోల్డ్ అన్నట్టు మాంటిల్ (భూమి పైపెంకు కింది పొర) నుంచి వచ్చేదైతే మన బోర్లలో ఒక్క చుక్కైనా పడాలిగా!

రిజర్వాయర్_రావు:
ఆ వాదన నిలవదు. పైన మూతలా ఆపే రాతి పొర లేకపోతే వచ్చినా ఆగదు. పైగా గ్రానైట్‌లో ఆయిల్ ఉంటుంది కూడా. వియత్నాంలోని బాక్ హో ఫీల్డ్ చూడండి. కాకపోతే అది పక్కనున్న షేల్ నుంచి పగుళ్లలోకి చేరింది.

బోడుప్పల్_శ్రీను:
అంటే జీవం లేకుండా పుట్టదనే అనుకోవాలా?

జీసీఎంఎస్_గిరి:
మీథేన్ పుడుతుంది. అట్లాంటిక్ అడుగున లాస్ట్ సిటీ వేడి ఊటల్లో రాయికీ నీళ్లకీ మధ్య చర్యతో వస్తోంది. దానితో ఫీల్డ్ నిండదు. లెక్క చూడు: సముద్రాల్లోకి సహజంగా ఊరే ఆయిల్ ఏడాదికి సుమారు 6 లక్షల టన్నులని అంచనా. ప్రపంచం రోజుకి దాదాపు 10 కోట్ల బ్యారెళ్లు కాలుస్తోంది. ఆ ఏడాది ఊట మొత్తం మనకి ఒక గంటకి సరిపోతుంది.