ఆరోగ్య బీమా లేనివారికి జరిమానా విధించడం న్యాయమేనా?

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ నుంచి):
ఉద్యోగం మారే క్రమంలో మా తమ్ముడికి కంపెనీ బీమా పోయింది. ముప్పై ఏళ్లు నిండని ఆరోగ్యవంతుడు కాబట్టి సొంతంగా పాలసీ తీసుకోకుండా గత ఏడాది సగం కాలం గడిపేశాడు. ఇప్పుడు రాష్ట్ర పన్ను రిటర్నులో ఆ నెలలకు జరిమానా పడింది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 2019 నుంచి ఈ జరిమానాను సున్నా చేసినప్పుడు రాష్ట్రం వసూలు చేయడం సబబేనా? అసలు బీమా కొనుక్కొమ్మని మనిషిని నిర్బంధించే హక్కు ప్రభుత్వానికి ఉండాలా?

సమాధానం 1:
హక్కు సంగతి 2012లోనే అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. బీమా కొనమని నేరుగా ఆదేశించే అధికారం కేంద్రానికి లేదని, కొననివారిపై పన్ను మాత్రం వేయవచ్చని 5-4 మెజారిటీతో చెప్పింది. ఇక అవసరం ఉందా అంటే, మీరుంటున్న రాష్ట్రమే సాక్ష్యం. జబ్బు ఉందన్న కారణంతో ఎవరికీ పాలసీ నిరాకరించరాదని న్యూజెర్సీ 1992లోనే చట్టం చేసింది గానీ, అందరూ బీమాలో చేరి తీరాలని అనలేదు. జబ్బు చేశాక చేరవచ్చులే అనుకున్న ఆరోగ్యవంతులు తప్పుకున్నారు. మిగిలినవారి వైద్యఖర్చు వారి మీదే పడి ప్రీమియంలు పెరిగాయి. ఆ పెరుగుదల చూసి మరికొందరు వదిలేశారు. ఆ అనుభవం ఉన్న రాష్ట్రం గనుకే కేంద్రం వెనక్కి తగ్గాక 2018లో సొంత చట్టం తెచ్చుకుంది. జరిమానా సొమ్ము కూడా భారీ క్లెయిముల భారాన్ని పంచుకుని ప్రీమియంలను అదుపులో ఉంచే నిధికే చేరుతుంది. నా మటుకు నాకు ఇది న్యాయమే.

సమాధానం 2:
లెక్క సరైనదే కావచ్చు, కానీ ఆ భారం ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి. గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే ఒక పెద్దాయన నాకు తెలుసు. ప్రీమియం తక్కువ, సొంత ఖర్చు ఎక్కువ ఉండే బ్రాంజ్ ప్లాన్‌కు నెలనెలా ప్రీమియం కడుతూనే, మోకాలికి ఎంఆర్‌ఐ తీయించుకోమని డాక్టరు రాసిచ్చిన చీటీని పర్సులో పెట్టుకుని తిరుగుతున్నారు, ఎందుకంటే డిడక్టిబుల్ (బీమా కంపెనీ చెల్లించడం మొదలుపెట్టేముందు మనమే భరించాల్సిన మొత్తం) నిండేదాకా ఆ ఖర్చు ఆయనదే. కొనక తప్పదని చట్టం చేసి, కొన్నదాన్ని వాడుకోలేని స్థితిలో వదిలేస్తే అది బీమా అనిపించుకోదు. ప్రీమియంలపై కేంద్రం 2021లో పెంచిన రాయితీల గడువు 2025 డిసెంబరుతో ముగిసింది. రాయితీ తగ్గిస్తూ జరిమానాను మాత్రం అలాగే ఉంచడాన్ని నేను ఒప్పుకోను.

సమాధానం 3 (హైదరాబాద్ నుంచి):
నిర్బంధం మనకూ కొత్త కాదండీ. ఈఎస్‌ఐ వర్తించే సంస్థల్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి బీమా తప్పనిసరే. అయితే ఉద్యోగి జీతంలోంచి కోసేది 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం, అందుకే అది పెద్ద బరువనిపించదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలోనైతే పేదల దగ్గర ప్రీమియమే తీసుకోలేదు. భారాన్ని ఆదాయాన్ని బట్టి పంచినంతవరకే నిర్బంధానికి అర్థం ఉంటుందని నా అభిప్రాయం.

సమాధానం 1 (మళ్లీ):
రెండో సమాధానం ఇచ్చిన వారి మాటతో నేనూ ఏకీభవిస్తాను. మసాచుసెట్స్ రాష్ట్రం 2006లో ఈ నిబంధన తెచ్చినప్పుడే తక్కువ ఆదాయం వారికి రాయితీ బీమాను జత చేసింది. ఆ రెండింటినీ విడదీయకూడదు. ప్రశ్న అడిగిన వారికి ఒక సూచన: వరుసగా మూడు నెలల కన్నా తక్కువ ఖాళీకి మినహాయింపు ఉంది, ఆదాయం తక్కువైనా ఉంది. జరిమానా కట్టేముందు మీ తమ్ముడికి వీటిలో ఏదైనా వర్తిస్తుందేమో చూడండి.