ఎంపీ గారు సభలో సిబ్బంది కొరత గురించి మాట్లాడారు, ఇక పోస్టులు వచ్చేస్తాయా?

తపాలా తిప్పలు:
మా ఎంపీ గారు లోక్‌సభ జీరో అవర్‌లో (ఎంపీలు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం) పోస్టాఫీసుల్లో సిబ్బంది లేరని మాట్లాడారు. రెండు నిమిషాల వీడియో, అందులో సగం వెనకాల ఎవరో అరుపులు. అప్పటినుంచి వాట్సాప్ గ్రూపుల్లో "గళమెత్తిన మన ఎంపీ" అని ఒకటే ఫార్వర్డులు. ఆయన మీద నాకు కోపం లేదండీ, అసలంటూ అడిగారు. కానీ నేను వెళ్లే పోస్టాఫీసులో మూడు కౌంటర్లుంటే నడిచేది ఒక్కటే. ఆ ఒక్కావిడే స్పీడ్ పోస్టు కవర్లు తూచాలి, ఆర్‌డీ డబ్బులు కట్టించుకోవాలి, ఆధార్ కోసం వచ్చినవాళ్లకి సమాధానం చెప్పాలి. మొన్న మా అమ్మ పాస్‌బుక్ ఎంట్రీకి వెళ్తే పుస్తకం ప్రింటర్‌లో ఇరుక్కుంది. ఆవిడే లేచి స్కేలు పెట్టి మెల్లిగా లాగుతోంది, లైన్లో ఉన్నవాళ్లేమో ఆవిడనే తిడుతున్నారు. ఇంతకీ నా డౌట్: ఇలా సభలో మాట్లాడితే మంత్రి జవాబు చెప్పి తీరాలా, లేక ఇదంతా వీడియో కోసమేనా?

పాత పీఏ:
కొన్నేళ్లు ఒక ఎంపీ దగ్గర ఈ ప్రశ్నలు రాసిపెట్టే పనే చేశాను, కాబట్టి కాస్త చెప్పగలను. జీరో అవర్ అనేది రూల్ బుక్‌లో లేదు, ఆనవాయితీగా వచ్చింది. అక్కడ మాట్లాడితే మంత్రి అప్పటికప్పుడు జవాబివ్వాలని ఏమీ లేదు. వీడియో మాత్రం బాగా వస్తుంది. దానికంటే 377 నిబంధన (ఎంపీ సమస్యని రాసిచ్చి సభలో లేవనెత్తే పద్ధతి) కింద ఇస్తే నయం, సంబంధిత మంత్రి నుంచి ఎంపీకి రాతపూర్వకంగా జవాబొస్తుంది. అన్నిటికంటే గట్టిది మాత్రం ప్రశ్నే. కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. లోక్‌సభలో రోజుకి 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్. స్టార్డ్ అయితే మంత్రి లేచి నిలబడి చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. కాకపోతే ప్రశ్నలకి ఇచ్చే గంటలో ఇరవై ఎక్కడ అవుతాయి, చివర్లో ఉన్నవాటికి కాగితం మీద జవాబే దిక్కు. అన్‌స్టార్డ్‌కి రాతపూర్వక జవాబే, హడావిడి ఉండదు, కానీ అంకెలు కావాలంటే అదే మంచిది. టేబుల్ వేసి మరీ ఇస్తారు.

నిరంతర ప్రక్రియ:
నా యూజర్‌నేమ్ చూస్తే మీకే అర్థమవుతుంది 😀 ఖాళీల మీద ఏ ప్రశ్న వేసినా వచ్చే జవాబు అదే, "ఖాళీలు ఏర్పడటం, వాటిని భర్తీ చేయడం నిరంతర ప్రక్రియ". 2021 మార్చి 1 నాటికి కేంద్రంలో మంజూరైన పోస్టులు 40.35 లక్షలు, పనిచేస్తున్నవాళ్లు 30.55 లక్షలు, ఖాళీలు 9.79 లక్షలు అని ప్రభుత్వమే పార్లమెంటుకి చెప్పింది. అంటే నాలుగు కుర్చీల్లో ఒకటి ఖాళీ. పార్లమెంటుకి చెప్పినంత మాత్రాన కుర్చీలోకి మనిషి వస్తాడా? నేను నాలుగేళ్లు పరీక్షలు రాశాను బ్రో, నోటిఫికేషన్ ఒక ఏడాది, పరీక్ష ఇంకో ఏడాది, జాయినింగ్ ఎప్పుడో.

రిటైర్డ్ గుమాస్తా:
బాబూ, నీ బాధ నిజమే కానీ 9.79 లక్షల దగ్గర ఆగిపోకు. కేంద్ర ప్రభుత్వ శాఖలో 34 ఏళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో (పోస్టులు, ఉద్యోగుల లెక్కలు చూసే విభాగం) పనిచేసినవాడిగా చెబుతున్నా, అసలు కిటుకు "మంజూరైన పోస్టులు" అన్న మాటలో ఉంది. ఖాళీ అంటే మంజూరైన వాటిలోంచి ఉన్నవాళ్లని తీసేయగా మిగిలింది. మంజూరు సంఖ్యనే తగ్గిస్తే? మనిషి రాకుండానే ఖాళీ మాయం! 2001లో ఒక ఉత్తర్వు వచ్చింది, నేరుగా భర్తీ చేయాల్సిన ఖాళీల్లో మూడో వంతుకి మించి నింపొద్దని. అది 2009 దాకా నడిచింది. మా సెక్షన్‌లో పదకొండు మంది చేసే పని ఆరుగురం చేశాం, కొన్నాళ్లకి కాగితం మీద కూడా ఆరే మిగిలాయి. ఆ రోజుల్లో ఎవరైనా ఎంపీ "ఖాళీలెన్ని" అని అడిగుంటే "లేవు" అనే జవాబు వెళ్లేది, అది అబద్ధం కూడా కాదు. ఏళ్ల తరబడి నింపకుండా వదిలేసిన పోస్టు రద్దయినట్టే లెక్క, మళ్లీ కావాలంటే ఆర్థిక శాఖ గడప ఎక్కాలి.

తపాలా తిప్పలు:
అమ్మో, ఈ కోణం నాకు తట్టనే లేదు సార్. అయితే మా ఎంపీ గారితో ఏం అడిగించాలి? ఆయన ఆఫీసులో అర్జీ తీసుకుంటారట.

పాత పీఏ:
గుమాస్తా గారు చెప్పిందే అడిగించండి. "ఖాళీలు భర్తీ చేస్తారా" అని మాత్రం వద్దు, దానికి పైన తమ్ముడి యూజర్‌నేమే జవాబు. గత పదేళ్లలో ఏటా మార్చి 1 నాటికి మంజూరైన పోస్టల్ అసిస్టెంట్ పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు, రద్దయినవెన్ని, డివిజన్ల వారీగా. ప్రశ్న 150 పదాలు దాటకూడదు, ఇది నలభైలోపే అయిపోతుంది. ఒకవేళ "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని జవాబొస్తే నిరాశపడకండి, అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే హామీల కమిటీ ఆ శాఖ వెంటపడుతుంది (గడువు పొడిగింపులు అడుగుతూనే ఉంటారనుకోండి). ఇంకోటి, పోస్టాఫీసు కేంద్రానిది కాబట్టి ఇది పనికొస్తుంది. అదే పీహెచ్‌సీలో డాక్టర్ లేడనో స్టేషన్‌లో పోలీసులు చాలరనో అడిగిస్తే "అది రాష్ట్ర పరిధిలోది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, దానికి ఎమ్మెల్యేని పట్టుకోవాలి.

నిరంతర ప్రక్రియ:
ఆ టేబుల్ వస్తే ఇక్కడ పెట్టండి, రద్దయినవెన్నో నాకూ చూడాలనుంది.

తపాలా తిప్పలు:
తప్పకుండా. సోమవారం అర్జీ ఇస్తున్నా. గుమాస్తా గారూ, ఇచ్చే ముందు ఒకసారి చూసిపెడతారా? "మంజూరైన" అన్న మాట సరైన చోట పడిందో లేదో అని టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ గుమాస్తా:
పెట్టు బాబూ. పొద్దున ఆరింటికే లేస్తాను, వేరే పనేముంది.