‘సరఫరా’, ‘పంపిణీ’ ఒకటేనా?

ప్రశ్న: ఒక పత్రికలో శీర్షికేమో ‘విద్యుత్ సరఫరా లైసెన్సు’, లోపలి వార్తలోనేమో ‘పంపిణీ లైసెన్సు’. నేను తెలుగు చేస్తున్న పత్రంలోనూ ఈ మాటలే పదే పదే వస్తున్నాయి. ఏది వాడాలి?

జవాబు: ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు రెండూ ఒకటే. చట్టం దగ్గరికి వెళితే దారులు వేరవుతాయి. 2003 విద్యుత్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం లైసెన్సు కావలసిన పనులు మూడే: ప్రసారం (పెద్ద లైన్ల మీద దూరాలకు పంపడం), పంపిణీ, ట్రేడింగ్ (కొని తిరిగి అమ్మడం). ఆ వరుసలో సరఫరా లేదు. (ఉత్పత్తి కూడా లేదు, చాలామందికి అది వింతగా ఉంటుంది.) పంపిణీ అంటే స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల వ్యవస్థ. సరఫరాకు అదే చట్టం 2వ సెక్షన్‌లో ఇచ్చిన అర్థం ‘కరెంటును అమ్మడం’, అంతే. మన డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, ఒకే లైసెన్సుతో తీగలూ నడుపుతాయి, కరెంటూ అమ్ముతాయి కాబట్టి విలేకరికి తేడా తెలిసే అవసరం రాలేదు. పైగా 1910 నాటి పాత చట్టంలో ఇచ్చేది సరఫరా లైసెన్సే. ఆ అలవాటు శీర్షికల్లో ఇంకా పోలేదు.

మరొకరు: ఒక పిడకల వేట. మన ‘సరఫరా’కు కన్నడ చుట్టం ‘సరబరాజు’, మరాఠీ చుట్టం ‘సరబరాయి’. మరాఠీలో దానికి అతిథి మర్యాదలని అర్థం. మా వీధి లైన్‌మన్ మాత్రం రెండు మాటలూ వాడడు. ‘ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని కోసం లైను ఆపే అనుమతి) తీసుకున్నాం, సప్లై గంటలో వస్తుంది’ అంటాడు. మర్యాద సంగతి బిల్లు చూసి తేల్చుకోవాలి.

బ్రిటన్ నుంచి ఒకరు: ఇక్కడ ఈ రెండింటికీ లైసెన్సులు వేరు, ఒకే సంస్థ రెండూ పెట్టుకోకూడదు. నాకు కరెంటు అమ్మే కంపెనీ 2021లో గ్యాస్ ధరలు మండినప్పుడు చేతులెత్తేసింది. ఇక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నన్ను ఇంకో కంపెనీకి అప్పగించింది. ఇంట్లో దీపం ఆరలేదు, మీటరూ మారలేదు, బిల్లు మీద పేరు మారిందంతే. కరెంటు పోతే అమ్మినవాడికి ఫోన్ చేసి లాభం లేదు. 105కు చేయాలి, అది తీగల సంస్థకు వెళుతుంది.

జవాబు: అంత దూరం ఎందుకండీ, ముంబయిలోనూ కొన్ని చోట్ల తీగలు ఒక కంపెనీవి, కరెంటు మరో కంపెనీది. దేశమంతటా ఆ పద్ధతి తేవాలని 2014లో కేంద్రం సవరణ బిల్లు పెట్టింది, అది చట్టం కాలేదు.

ప్రశ్న అడిగినవారు: నా పత్రం ఓపెన్ యాక్సెస్ గురించే, అంటే డిస్కం తీగలు వాడుకుంటూ కరెంటు మరొకరి దగ్గర కొనుక్కోవడం. ఒక ఫ్యాక్టరీ బయటి సౌర విద్యుత్ కేంద్రం నుంచి కరెంటు కొంటోంది.

జవాబు: ముందే చెప్పాల్సింది! అయితే మీకు రెండు మాటలూ కావాలి. అమ్మేది సౌర కేంద్రం, కాబట్టి సరఫరా దానిది. ఆ కరెంటు వచ్చేది డిస్కం తీగల మీద, అందుకే ఫ్యాక్టరీ డిస్కంకు వీలింగ్ ఛార్జీ కడుతుంది. క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ కూడా ఉంటుంది. డిస్కం పెద్ద ఖాతాదారును పోగొట్టుకుంటోంది కదా, ఆ లోటు పూడ్చడానికన్నమాట. యూనిట్ ధర వచ్చిన చోట ‘సరఫరా’, వీలింగ్ వచ్చిన చోట ‘పంపిణీ’ రాయండి. ‘లైసెన్సు’ పక్కన మాత్రం ‘సరఫరా’ పెట్టకండి, పత్రం 1910 చట్టం నాటిదైతే తప్ప.