సమస్య: నీలమైన నింగి నీలి కాదు

నిర్వాహకుడు: పొద్దున తలెత్తి చూడగానే ఈ పాదం నోట పడింది. పూరించండి.

తరంగం:
చిన్ని తరగ మెంతొ చెదరిపోవును గాలి
నూద మించె ననుచు నూహ సేయ
కంటి కందదాయె కాంతిలో నా పాలు
నీలమైన నింగి నీలి కాదు.

ఇంద్రచాపం: ఎత్తుగడ బాగుంది. కానీ రెండో పాదంలో ఊద అన్నది నాలుగో పాదంలో నీలి ఎలా అయింది? ఆ రెండూ పక్కపక్క రంగులే గాని ఒకటి కావు. "కందదాయె" కూడా ఒప్పుకోను. 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఊద కంటికి అందుతుంది, ఇంద్రధనుస్సు అంచున చూస్తూనే ఉన్నాం. ఎండలోనే దాని పాలు నీలం కన్నా తక్కువ, కన్ను పట్టుకునేదీ తక్కువే.

తరంగం: "కంటి కందెఁ గొంత" అని సవరించుకుంటాను. ఊద, నీలి తగవు మాత్రం తీరలేదు.

గగనవిహారి: నా పూరణ.
చంద్రునందు నింగి చాయ నలుపె యౌను
గాలి లేని కతన, గాలి యున్న
నేలమీద నిజమె నేత్రాల కందెడి
నీలమైన నింగి నీలి కాదు.
నీలివార్త, నీలియేడ్పులలోని నీలి ఇది.

నిర్వాహకుడు: ఆహా! నీలి అంటే కల్ల! పాదం ఇచ్చిన నాకే తట్టలేదు. పైనున్న నీలం కల్ల కాదు, గాలి అణువులు చెదరగొట్టిన వెలుగు. ఈ విరుపు కోసమే సమస్యలివ్వాలి.

ఇంద్రచాపం: విరుపు గొప్పదే, మనసారా ఒప్పుకుంటున్నాను. అయితే ఆ అర్థం సమాసాల్లో కనిపించినంత గట్టిగా విడిపదంలో నిలుస్తుందా? "నేత్రాల" వాడుక రూపం, అదీ చూడండి. ఇక నాది:
ఎరుపు కన్న నూద యింతలు తొమ్మిది
చెదరు ననుచు లెక్క చెప్పవచ్చు;
మూడు శంకువులాడు ముచ్చట విన్నంత
నీలమైన నింగి నీలి కాదు.
ఎరుపు తరంగదైర్ఘ్యం 700ను ఊద తరంగదైర్ఘ్యం 400తో భాగించి నాలుగో ఘాతానికి ఎత్తితే తొమ్మిదికి కాస్త పైన వస్తుంది. 1871లో భౌతిక శాస్త్రవేత్త రేలీ చూపిన లెక్క. అయినా రంగు తేల్చేది ఆ లెక్క ఒక్కటే కాదు. కంట్లో రంగులు పట్టే మూడు రకాల శంకు కణాలూ ఎంతెంత స్పందించాయో పోల్చుకుని మెదడు నీలమంటుంది. నీలంలో తెలుపు కలిపినా ఇంచుమించు అదే స్పందన.

తరంగం: "శంకువులాడు" దగ్గర ఆగిపోయాను. సూర్యగణం రావలసిన రెండో గణంలో "శంకువు" భగణమై కూర్చుంది! "శంకులాడు" అంటే సరి. ముచ్చటాడే శంకువులు మాత్రం ఎంతో నచ్చాయి.

ఇంద్రచాపం: నిజమే, దిద్దుకున్నాను. గగనవిహారి గారి మరో పద్యం, కడలి మీదది, అందులో గణాలన్నీ కుదిరాయి, విషయమే తప్పింది. "నింగి నీడ కడలి నీలమాయె" అన్నారు.

గగనవిహారి: ఆ మాట రేలీ కూడా అన్నాడండీ.

ఇంద్రచాపం: అన్నాడు. 1921లో నార్కుండా ఓడమీద వస్తూ సి.వి. రామన్ ప్రతిఫలించిన వెలుగును వడగట్టే నికల్ పట్టకంతో నీటిమీది ప్రతిబింబాన్ని తప్పించి చూశాడు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. చెదరడం ఒకటైతే, నీరు ఎరుపును పీల్చుకోవడం మరొకటి.

గగనవిహారి: అయితే ఇలా మారుస్తాను: "నీరు మ్రింగె నెరుపు, నీలి మిగిలె."

తరంగం: అయ్యో, మీ అర్థమే తీసుకుంటే కడలిలో కల్ల మిగులుతుంది!

గగనవిహారి: "నీల మొలికె."